సబ్‌వూఫర్ మీద రెండు మచ్చలు

సాయంత్రం నాలుగున్నర. ఐదింటికి మనవరాలి డ్రమ్స్ పోటీ టీవీలో ప్రత్యక్ష ప్రసారం. టీవీకి తగిలించిన సబ్‌వూఫర్ మాత్రం మళ్లీ మూగనోము పట్టింది.

మెకానిక్ రావడం ఇది మూడోసారి. రెండుసార్లు ఆ నల్లపెట్టెను దుకాణానికి మోసుకెళ్లి పరీక్షించాడు. బల్ల మీది స్క్రూలు ఎగిరేలా మోగింది. ఇంటికి తెచ్చి బిగించినా మోగింది. తను గడప దాటిన గంటకే ఫోన్: "ఆగిపోయింది!"

"మావయ్యకి మాటలు వినిపించవు అన్నయ్యా. ఈ పెట్టె అదురు ఒక్కటే తెలుస్తుంది," అంది ఇంటి కోడలు. "మనవరాలు వాయిస్తుందని పొద్దుటినుంచీ ఆ కుర్చీ దిగలేదు. ఇవాళ ఇది మోగకపోతే ఆయనకి ఉత్త బొమ్మే."

కుర్చీలో పెద్దాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి, ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తున్నాడు.

మెకానిక్ స్విచ్ వేశాడు. దబ్! కిటికీ అద్దం వణికింది.

"నేనుంటే మోగుతుందమ్మా. ఇక నన్ను ఇల్లరికం ఉంచుకోండి," అన్నాడు. వెంటనే అతనికి అనుమానం వచ్చింది. "నేను రాకముందు ఏం చేశారు?"

"ఏముంది, గది సర్దాను. మనిషి వస్తున్నాడంటే చిందరవందరగా ఉంచుతామా? పెట్టెను కూడా మూలకి నెట్టాను. అదురుకి జరిగిపోతుంటుంది కదా."

"ప్రతిసారీ నెట్టారా?"

"ప్రతిసారీ."

మెకానిక్ మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాడు. నేల మీద రెండు గీతలు. మూల నుంచి సూటిగా కుర్చీ దాకా! పెట్టె పైన సన్నటి దుమ్ము. అందులో రెండు చోట్ల మాత్రం తుడిచినట్టు నిగనిగలాడే పొడవాటి మచ్చలు.

అదురుకి జరిగే పెట్టె ఇంత తిన్నగా నడవదు.

అతను కోడలికి వీపు తిప్పి, పెద్దాయన ముందుకు జరిగాడు. గొంతు ఎత్తకుండా పెదవులు మాత్రం కదిపాడు: "కాళ్లు పెడుతున్నారా?"

పెద్దాయన అటూ ఇటూ చూసి ముందుకు వంగాడు. గుసగుస అనుకుని ఆయనన్న మాటకు పక్కింటి కుక్క మొరిగింది.

"ఒరే, మెల్లగా! కర్రతో లాక్కుంటాను. అరికాలు ఆనిస్తేనే తెలుస్తుంది! మా కోడలికి చెప్పకు, పాలిష్ పోతుందని తిడుతుంది!"

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నాలుగూ నలభై మూడు. మెకానిక్ పెట్టెను కుర్చీ దాకా లాగాడు. వెనక వైరు బిగుసుకుంది. మోత టక్కున ఆగింది. వైరును కొంచెం వదులు చేశాడు. దబ్!

"ఈ వైరు లోపలి తీగ తెగిందమ్మా. వదులుగా ఉంటే అంటుకుంటోంది, లాగితే విడిపోతోంది. నేను పెట్టెనే మోసుకెళ్లాను, వైరును ఇక్కడే వదిలేశాను. రోగిని ఇంట్లో ఉంచి, పక్కింటివాడి నాడి చూశాను!"

సంచిలోంచి పొడవాటి కొత్త వైరు తీసి, గోడవారగా పరిచి బిగించాడు. తలెత్తేసరికి ఐదుకు రెండు నిమిషాలు. పెట్టె కుర్చీ ముందే ఉంది.

టీవీలో మనవరాలు కర్రలు ఎత్తింది. పెద్దాయన చెప్పులు విడిచాడు గానీ, కోడలి వైపు చూస్తూ పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఆమె వంగి, ఆ రెండు పాదాలనూ తనే ఎత్తి పెట్టె మీద పెట్టింది.

దబ్. దబ్. దబదబ్.

పెద్దాయన కాలివేళ్లు నిక్కాయి. కనుబొమలు ముడిపడ్డాయి.

"మూడో దెబ్బ తొందరపడింది!" అని గది దద్దరిల్లేలా అరిచి, నవ్వాడు.