సముద్రం ఒడ్డున చెలమ

తిప్పమ్మత్త మా కుందుర్పి దాటి పది మైళ్లు కూడా పోని మనిషి. అయినా నా లారీలో కూర్చుని నాకే బుద్ధులు చెప్పింది. అప్పట్లో నాకు ఒళ్లు మండింది.

ఎనభయ్యో సంవత్సరం ఎండాకాలం. రెండేళ్లుగా వాన లేదు. కన్నడ దేశంలో సముద్రం పక్కన కొబ్బరితోట ఉన్న ఆసామి ఒకాయన, తోటలో మంద కట్టమని ఆమెకు కబురు పెట్టాడు. గొర్రెలకు వానలదాకా మేత, ఆయన చెట్లకు ఎరువు. మొగుడు పోయాక తిప్పమ్మత్త బతుకంతా ఆ నలభై చూడి గొర్రెలే.

“నడిపిస్తే దావలోనే సగం చస్తాయి ఓబుళేసూ. నీ లారీలో తోలుకపో,” అంది.

లారీలో డ్రమ్ము నిండా నీళ్లు పెట్టించింది. చెక్‌పోస్టు దగ్గర ఒకసారి, చిత్రదుర్గలో ఒకసారి, శివమొగ్గలో మళ్లీ ఒకసారి బండి ఆపించి, ఒక్కో గొర్రెకు నీళ్లు పట్టింది. “ఈ లెక్కన దసరాకు చేరతాం లే అత్తా,” అన్నాను. ఆమె వినిపించుకుంటేనా!

ఘాటు దిగేముందు టీ కోసం ఆగాం. ఆమె గొర్రెలకు ఆకు కోయడానికి పోయింది. మలుపుల్లో డ్రమ్ము దొర్లి గొర్రెల మీద పడుతుందేమోనని నాకు భయం. పైగా పోయేది సముద్రానికి, అక్కడ నీళ్లకేం కరువు? డ్రమ్ము వంచేశాను. మా సీమవాడు తప్ప ఇంకెవడూ చేయని తప్పు అది. నీళ్లు కనబడితే చాలు, అవి తాగే నీళ్లే అనుకుంటాం మేము.

తోట ఇంకా ఎనిమిది మైళ్లుందనగా సముద్రం పక్కనే యాక్సిల్ విరిగింది. మిట్టమధ్యాహ్నం. గొర్రెలు నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నాయి. వెనక తలుపు తీశానో లేదో, దూకి నీళ్లవైపు పరుగు తీశాయి. నేను సంతోషపడ్డాను. తిప్పమ్మత్త మాత్రం వాటికంటే ముందు ఉరికి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. వెంటనే వెనక్కి తిరిగి, కర్ర అడ్డం పెట్టి ఒక్క అరుపు అరిచింది. దప్పికతో చస్తున్న నలభై గొర్రెలూ ఆ గొంతుకు నిలబడిపోయాయి. అలాంటి మాట చెల్లుబాటు నేను ఏ పెద్దమనిషి దగ్గరా చూడలేదు.

“డ్రమ్ము దించప్పా.”

“వంచేసినా అత్తా. సముద్రం ఉండాది కదా అని...”

ఆమె నన్ను చూసింది. ఆ కర్రతో నాలుగు తగిలించినా బాగుండేది. “సరే, పార తీసుకోని రా,” అంది, అంతే.

దగ్గరలో నాలుగు జాలరి గుడిసెలు ఉన్నాయి. వాళ్ల బావి ఎండలకు ఉప్పు తిరిగింది. తాగే నీళ్లు వాళ్లే దూరం నుంచి మోసుకొస్తున్నారు. అడిగితే ఒక ముసలమ్మ ఉన్న ఒక్క బిందె ఇచ్చింది. నలభై గొర్రెలకు అదేం సరిపోతుంది?

తిప్పమ్మత్త అలలకు దూరంగా, ఇసుక మిట్ట వెనక్కి నడిచింది. పచ్చటి తీగ పాకిన చోట కూర్చుని, మా ఊరి వంకలో చెలమ తీసినట్టే చేతులతో ఇసుక తోడింది. జానెడు తోడి తడి ఇసుక నాలుక మీద పెట్టుకునేది, మళ్లీ తోడేది. నాకు ఓపిక చాలక, పక్కనే పారతో నిలువు లోతు తవ్వాను. నీళ్లు ఉబికాయి. తాగి చూస్తే ఉప్పు కషాయం.

ఆమె గుంట మోకాలి లోతు కూడా లేదు. అడుగున నీళ్లు సన్నగా ఊరుతున్నాయి. మొదటి నీళ్లు తోడి పారబోసి, తేరుకున్నాక చెంబుతో నాకిచ్చింది. తియ్యటి నీళ్లు!

“ఇంగా లోతు తీస్తే బాగా ఊరతాయి కదత్తా?”

“చాలప్పా. మన చవుటి వంకలో చూడలేదా? పైన తేట, కింద ఉప్పు. ఆశపడి తవ్వితే ఉన్నేటివీ పోతాయి.”

ఊరినంత తోడుతూ, ఒక్కో చెంబు పోస్తూ పొద్దు గూకేదాకా కూర్చుంది. నలభై గొర్రెలూ తాగాయి. నన్నూ తాగమంది. ఆఖరున తాను తాగింది. ఆ రోజు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది, సిగ్గుపడి మొక్కలేదు.

వానలు పడ్డాక తోట నుంచి గొర్రెలను, వాటి పిల్లలను కలిపి లారీ నిండుగా ఇంటికి తెచ్చాను. ఊరంతా మూగింది. డ్రమ్ము సంగతి చెబుతుందేమోనని నేను లారీ వెనక్కి పోయి నిలబడ్డాను. తిప్పమ్మత్త దిగుతూనే అంది: “ఆడ నీళ్లు దొరక్క చచ్చేటోళ్లం. ఓబుళేసు పార పట్టకుంటే నా గొర్రెలు దక్కేవి కావు.”

నా పెళ్లాం ఆ మాట ఇప్పటికీ అందరికీ చెప్పుకుని మురుస్తుంది. డ్రమ్ము సంగతి తిప్పమ్మత్త తాను పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను.