హద్దురాయి దగ్గర నాన్న

వాన పడుతోందో లేదో తేలని వెలుతురులో చంపక హేజెల్‌డౌన్ ఊరి పొలిమేర వెంట నడుస్తోంది, కాళ్ల కింద ఇంగ్లండు గడ్డే, పక్కన పారేది మాత్రం సొంతూరు అవనిగడ్డ పంటకాలువ, ఆ రెండూ ఒకచోటికి ఎలా వచ్చాయని కలలో ఎవరడుగుతారు గనక, ఆమే అడగదు. ముందు వాళ్ల నాన్న డాక్టరు వీరభద్రయ్యగారు నడుస్తున్నారు. మొన్న చలికాలంలో పోయిన మనిషి. మెడలో స్టెతస్కోపు అలాగే ఉంది, పోయినా ప్రాక్టీసు మానలేదు కాబోలు.

ఆయన్ని చూడగానే చంపకకు ఏడుపూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. మండదా మరి! హద్దులు గీసిన పటాలు లేని కాలం నుంచీ ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. వసంతంలో ఊరంతా పొలిమేర చుట్టూ తిరిగి, ప్రతి హద్దురాయి దగ్గరా పిల్లల్ని తలకిందులుగా ఎత్తి మాడు రాయికి తాకిస్తారు. తగిలిన చోటు పిల్లలు మరవరని, రేపు హద్దు తగాదా వస్తే వాళ్లే సాక్షులని. చంపక కూడా చిన్నప్పుడు ఆ వరసలో నిలబడింది. అందరినీ ఎత్తిన రైతు విల్ఫ్రెడ్ ఆమె దగ్గరకొచ్చేసరికి చేతిలో బన్ను పెట్టి, భుజం తట్టి వెళ్లిపోయాడు. నేను ఈ ఊరి పిల్లను కాను కాబోలు అనుకుంది చంపక. జుట్టు నెరిసినా ఆ అనుకోవడం పోలేదు. అదే ఊళ్లో బతుకుతూ, అదే బడిలో పాఠాలు చెబుతూ, ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు ఆ నడకకు మాత్రం మళ్లీ వెళ్లలేదు. నిన్న సాయంత్రం ముసలి విల్ఫ్రెడ్ వచ్చి, తన మోకాళ్లు పనికిరావడం లేదని, రేపటి నడకలో పిల్లల వెంట ఆమే ఉండాలని అడిగాడు. మాటల్లో మాటగా, ఆనాడు ఎత్తొద్దని బతిమాలింది మీ నాన్నగారేనని కూడా చెప్పేశాడు. పొద్దున చెబుతానని చంపక తలుపేసుకుంది.

"ఎందుకు చేశావు నాన్నా?"

ఆయన దారిలో హద్దురాయి మీద కూర్చుంటారు, రాయి కాస్తా ఆసుపత్రి స్టూలవుతుంది, కంచె వెనక ఎవరో దగ్గుతారు. రేపు పిల్లల తలలు రాయికి కొడతారని పేషెంటెవరో చెప్పారట. మీ అమ్మ ఆముదం అద్ది అద్ది పెంచిన మాడు అది, దాన్ని రాయికి కొట్టనిస్తానా అని ఉన్నపళాన విల్ఫ్రెడ్ ఇంటికి పరిగెత్తారట. మర్నాడు కంచె చాటు నుంచి చూస్తే ఏముంది, రాయి మీద టోపీ పరిచి, పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెల్లగా తాకిస్తున్నారు.

"మరి అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"సిగ్గేసిందమ్మా. నువ్వు చూస్తే బన్నైనా ముట్టుకోకుండా ఇంటికొచ్చావు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే పోయాను."

"ఈ ఊరిదాన్ని కాననుకుంటూనే ముసలిదాన్నైపోయాను నాన్నా."

కాలువ కాసేపు ఎగువకు పారి, మళ్లీ దిగువకు పారుతుంది. ఆయన లేచి కోటు విప్పి రాయి మీద పరుస్తారు, రాయి మళ్లీ రాయే అవుతుంది.

"రా తల్లీ, ఇప్పుడు ఎత్తుతా."

"నా బరువు నువ్వు మొయ్యలేవు."

"పోయినవాడికి నడుంనొప్పి ఏంటే పిచ్చిదానా."

ఎత్తుతారు. ఆకాశం కిందికి, కాలువ పైకి, చంపక ఒకేసారి చిన్నపిల్లా, పెద్దదీ, ఆ చేతుల వేడి మాత్రం అప్పటిదే. రాయి దగ్గరవుతుంటే ఆమెకు ఒక్కసారిగా భయం వేస్తుంది, మళ్లీ మెత్తగా దాటేస్తారేమోనని.

"కోటు తీసెయ్ నాన్నా. కాస్త తగలాలి."

ఆయన చాలాసేపు తటపటాయిస్తారు, డాక్టరు కదా, తండ్రి కూడా కదా. చివరికి కోటు లాగేస్తారు.

ఠపీమని తగిలింది. కళ్లు తెరిస్తే మంచం తలాపు చెక్క, కిటికీలో తెల్లవారిన వెలుగు. మాడు మీద వేలు పెట్టి చూసుకుంటే అప్పుడే బొప్పి కడుతోంది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చంపక అక్కడే ఇంకాస్త నొక్కుకుంది. ఒక చేత్తో దాన్ని తడుముకుంటూనే, రెండో చేత్తో విల్ఫ్రెడ్‌కు ఫోను చేసి, వస్తున్నానని చెప్పింది.