భర్త పేరు, ఉంటే

…అయినా థాంక్స్ చెప్పిందో లేదో ఆమెకే గుర్తు రావడం లేదు. పొద్దున డబ్బాకి మూత పెడుతుంటే వెనక నుంచి అత్తగారు, "పిల్లని బడి దగ్గర వాడు దింపుతున్నాడుగా, ఆ మాత్రం థాంక్స్ అన్నా చెప్పావా?" అన్నారు. పిల్ల ఆయనకీ పిల్లే కదండీ అని నోటిదాకా వచ్చింది. కానీ మూత మర సరిగా పట్టలేదు, దాన్ని విప్పి మళ్ళీ బిగించేసరికి మాట చల్లారిపోయింది. తర్వాత గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆయనతో ఏదో అంది. అది థాంక్సేనా, లేక గ్యాస్ కట్టేశానో లేదో ఒకసారి చూడమనా? తొమ్మిదేళ్ల కాపురంలో ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో అనడం అలవాటైపోయింది. ఏడేళ్లు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగానికి బయలుదేరిన రోజు, "ట్రై చెయ్. కుదరకపోతే మానెయ్, నేనేమీ అనను" అన్నాడు ఆయన. ఏమీ అనకపోవడం కూడా ఒక వరమే. దానికీ థాంక్స్ చెప్పినట్టే గుర్తు. "మావాడు కాబట్టి పంపిస్తున్నాడు, ఇంకొకడైతేనా" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుంటారు. చెప్పిన ప్రతిసారీ ఆమె నవ్వాలి. ఆ నవ్వు తక్కువైతే కృతజ్ఞత తక్కువైనట్టు. ఇలా నెత్తిన పెట్టుకుని మోసే కృతజ్ఞత కాకుండా, ఎవరూ అడక్కుండా లోపల్నుంచి పుట్టే కృతజ్ఞత అనేది ఒకటి ఉంటుందా, ఉంటే అది ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది, గొంతులోనా, కళ్ళలోనా…

"ఇదిగో, మళ్ళీ పట్టుకుంది చూడు. వదలదు," అంది కౌంటర్ పిన్ని.

ఆమె ఉలిక్కిపడి తెరవైపు చూసింది. కళ్ల ఆసుపత్రిలో పేర్లు నమోదు చేసే కౌంటర్ అది. అందరూ పిన్ని అని పిలిచే ఆ పెద్దావిడ పన్నెండేళ్లుగా అదే కుర్చీలో కూర్చుంటోంది. చెక్క కుర్చీ, దాని మీద ఇంటినుంచి తెచ్చుకున్న మెత్త. తెర మీద పేషంట్ల ఫారం. మధ్యలో ఒక గడిలో కర్సర్ కొట్టుకుంటోంది, దాని మీద సందేశం: ముందు ఈ గడిని సేవ్ చెయ్యండి, అప్పటిదాకా వేరే గడికి ఫోకస్ మార్చడం కుదరదు.

"సేవ్ చెయ్యమంటుంది, చేద్దామంటే చెయ్యనివ్వదు. నెల్రోజుల్నుంచీ ఇదే గోల. తల ప్రాణం తోకకొస్తోందమ్మా. అవతల జనం చూస్తే నన్ను తినేసేలా ఉన్నారు."

"మీరు మామూలుగా ఎలా కొడతారో అలాగే కొట్టండి పిన్నీ. నేను పక్కన కూర్చుని చూస్తాను."

"చూస్తావా? ఇన్నాళ్లలో ఇలా పక్కన కూర్చుంటానన్నవాళ్లలో నువ్వే మొదలు. ఫోన్లోనే 'ఆపేసి మళ్ళీ పెట్టండి' అంటారు మీవాళ్లు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఈ ఫారం చూసుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి రెండున్నర నెలలైంది, ఇంకో పదిహేను రోజుల్లో ట్రయల్ గడువు అయిపోతుంది. ఉంచుకుంటారా, పంపించేస్తారా అన్నది ఈ ఆసుపత్రి రిపోర్టు చూశాకే చెబుతానన్నాడు టీమ్ లీడర్.

అరగంటలో తప్పు దొరికింది. ఒక గడి నింపి మీట నొక్కగానే ఫారం లోపల కొన్ని పనులు వరసగా జరుగుతాయి. రాసింది సరిగా ఉందా అని ముందు చూస్తుంది. తర్వాత దాన్ని దాచుకుంటుంది. ఆ తర్వాతే కర్సర్ కదలాలి. పోయిన నెల ఫోన్ నంబరు కోసం కొత్త గడి చేర్చినవాళ్లెవరో, 'కర్సర్‌ని ఇటు పంపు' అనే ఆజ్ఞని తీసుకెళ్లి ఆ మొదటి మెట్టులోనే పెట్టారు. రాసింది దాచుకోకముందే కొత్త గడి చెయ్యి పట్టి లాగుతోంది, పాత గడి పోనివ్వడం లేదు. ఆమెకి నవ్వొచ్చింది. ఇస్త్రీ పెట్టె చేతిలో ఉండగా ఒక గదిలోంచి "ఎక్కడున్నావ్?" అనీ, ఇంకో గదిలోంచి "ఇంకా అవలేదా?" అనీ వినిపించే సాయంత్రాలు ఎన్ని! అటూ పోలేక, ఇటూ ఉండలేక, చొక్కా కాలిపోతే అదీ ఆమె తప్పే. కనీసం ఈ యంత్రం కుదరదని గట్టిగా చెప్పగలుగుతోంది.

ఆ ఆజ్ఞని తర్వాతి మెట్టుకి జరపాలి. పది నిమిషాల పని. అయినా ఆ గడి అంత మొండిగా ఎందుకుందో చూద్దామని పాత కోడ్ తెరిచింది.

ఆ గడి పేరు 'భర్త పేరు'. పద్దెనిమిది దాటిన ఆడమనిషి అని కొట్టగానే తెరుచుకుంటుంది. అందులో ఏదో ఒకటి రాయందే కర్సర్‌ని బయటికి పోనివ్వదు. ఆ లైను పైన మూడు చుక్కలు పెట్టి 'ఇది మర్చిపోవద్దు' అని రాసి ఉంది.

ఆమె చేతులు మీటల మీదే ఆగిపోయాయి. పని మొదలుపెట్టే ముందు మూడు చుక్కలు పెట్టడం ఆమె అలవాటు. ఇప్పటికీ కూరగాయల చీటీ మీద కూడా అలాగే పెడుతుంది. తొమ్మిదేళ్ల కిందట, మొదటి ఉద్యోగంలో, ఫారాలు ముక్కలు చేసి తలా ఒకటి పంచేవాళ్లు. ఏ ముక్క ఏ ఆసుపత్రికి పోతుందో కూడా చెప్పేవాళ్లు కాదు. అప్పటికి ఆమెకి పెళ్లయి రెండు నెలలు. గడి పనిచేస్తోందో లేదో చూడ్డానికి తన పేరు, పక్కన ఆయన పేరు కొట్టేది. పనిచేస్తోందని తెలిశాక కూడా ఇంకోసారి కొట్టేది. ఆ పేరు తన పేరు పక్కన తెర మీద వెలగడం చూస్తే ఒళ్లంతా ఏదో వెచ్చగా ఉండేది. ఖాళీగా వదిలితే ఏమవుతుందో ఒక్కసారి కూడా చూడలేదు. అలా వదిలే మనిషి ఉంటుందనే తట్టలేదు.

ఫోన్ మోగింది. టీమ్ లీడర్.

"ఏమైందమ్మా? దొరికిందా? ఆ ఆసుపత్రి ఇన్‌చార్జి ఇంకో కంప్లైంట్ పెట్టాడు. డేటా తీసి చూస్తే వందలమంది ఆడవాళ్లకి ఒకే మొగుడట. ఒకే పేరు!" పెద్దగా నవ్వాడు. "కౌంటర్లో ఉన్నావిడ ఇష్టమొచ్చినట్టు కొడుతోంది. రిపోర్టులో 'యూజర్ తప్పు' అని రాసెయ్. ఆవిణ్ణి కింద పాత ఫైళ్ల గదికి మార్చేస్తారట. మనకి గొడవ వదిలిపోతుంది, నీకూ మంచి మార్కులు."

"చూస్తానండీ," అంది.

పట్టికని ఆ గడి ప్రకారం వరసలో పెట్టింది. నిజమే. ఒకే పేరు, అవే ఐదక్షరాలు, తెర కిందికి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. నాలుగు వందల పన్నెండు.

మధ్యాహ్నం భోజనాల వేళ హాలు పలచబడింది. పిన్ని డబ్బా మూత తీసి, సగం ఆమె వైపు జరిపింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆమె నేరుగానే అడిగేసింది. "పిన్నీ, ఈ పేరు ఎవరిది?"

పిన్ని తెరవైపు చూసింది. చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది.

"మా ఆయనది," అంది. "పోయి పదకొండేళ్లయింది."

"మరి…"

"ఏం చెయ్యమంటావమ్మా? ఈ ఫారం వచ్చిన కొత్తలో ఒకమ్మాయి వచ్చింది, పాతికేళ్లుంటాయేమో. వెనకాల ముప్ఫై మంది. మీ ఆయన పేరేంటమ్మా అన్నా. మాట్లాడలేదు. ఈ మాయదారి గడేమో అడుగు తీసి అడుగు వెయ్యనివ్వదు. మళ్ళీ అడిగా. మూడోసారి కాస్త గట్టిగా అడిగినట్టున్నా. 'లేడండీ, వదిలేశాడు' అంది. హాలంతా విన్నారు. వెనకెవడో పక్కవాడి చెవిలో ఏదో అని నవ్వాడు. ఆ పిల్ల కళ్లకి చుక్కలు వేయించుకోవడానికొచ్చింది, ఇక్కడే కళ్ళనిండా వేయించుకున్నట్టయింది." పిన్ని కొంగుతో మూతి తుడుచుకుంది. "నాకేం తోచిందో, మా ఆయన పేరు కొట్టేశా. టక్కున వదిలింది గడి. ఆరోజు నుంచీ ఆడమనిషి నోరు తెరవడానికి ఒక్క క్షణం ఆలస్యం చేసిందంటే ఇక అడగను. కొట్టేస్తా."

"నాలుగు వందల మందికి!"

"అంతమందా?" పిన్ని నిజంగానే ఆశ్చర్యపోయింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వింది. "బతికున్నన్నాళ్లూ నా ఒక్కదానికీ పనికిరాలేదమ్మా ఆ మనిషి. పోయాక ఇంతమందికి పనికొచ్చాడన్నమాట."

ఆమెకి కూడా నవ్వొచ్చింది. కానీ దాని వెనకే ఇంకేదో తోసుకొచ్చింది. పన్నెండేళ్లుగా ఈ మెత్త మీద కూర్చున్న మనిషి, ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా, ఈమె చేసిన తప్పుని ఒక్కో మీటా నొక్కుతూ మోస్తూ వచ్చింది. తను ఆ ఏడేళ్లూ ఎక్కడో ఒక వంటింట్లో, 'నేను చేసినదేదీ లోకంలో ఎక్కడా మిగల్లేదు' అని సింకు ముందు నిలబడి ఏడ్చిన మధ్యాహ్నాల్లో కూడా, తను రాసిన ఒక లైను ఇక్కడ పనిచేస్తూనే ఉంది. ఆడవాళ్లని నిలబెట్టి అడుగుతూనే ఉంది. ఈవిడ అడ్డం పడుతూనే ఉంది.

"పిన్నీ, ఆ గడి అలా వదలకుండా చేసింది నేనే."

"నువ్వా?" పిన్ని కళ్లద్దాలు పైకి తోసి చూసింది. "అప్పుడు నీకెన్నేళ్లు?"

"ఇరవై మూడు."

"పెళ్లయిందా?"

"రెండు నెలలు."

"అదీ సంగతి! కొత్త పెళ్లికూతురు, లోకంలో అందరికీ మొగుళ్లుంటారనుకుంది." కసురుకోలేదు. జాలిపడలేదు కూడా. పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది. డ్రాయరు లాగి, అడుగునున్న పాత కాగితాల కట్ట తీసి ఆమె ముందు పెట్టింది. కంప్యూటర్ రాకముందు చేత్తో నింపిన ఫారాలు. పసుపు రంగుకి తిరిగాయి. "చూడు, దీంట్లో ఎలా ఉండేదో."

భర్త పేరు, ఉంటే.

అంతే. ఒక్క మాట. ఈ కాగితంలోని ముక్క చూసే కదా తను కోడ్ రాసింది. ఆ మాట కళ్లముందే ఉన్నా కంటికి ఆనలేదు. ఎవరో పైనుంచి చెయ్యమంటే చేసింది కాదు ఇది. పూర్తిగా తనదే.

"నిన్ను తిట్టుకోలేదనుకున్నావా? రోజూ తిట్టుకున్నా," అంది పిన్ని. "వాడెవడో గానీ అనుకుంటూ. మగవాడే అనుకున్నా, చూడు నా బుద్ధి." ముద్ద ఒకటి కలిపి, "తిను. చల్లారిపోతోంది," అంది.

ఎదుటి మనిషి తిను అంటే తినడం. చేతిలో గరిటె లేకుండా, ఎవరికి ఏం తక్కువైందో చూడకుండా. గొంతు దగ్గర ఏదో అడ్డుపడి, మెల్లగా కిందికి జారింది. పొద్దున వెతుక్కున్నది ఇక్కడే ఉంటుందేమో, గొంతుకి కాస్త కింద.

తిన్నాక పని మొదలుపెట్టింది. మూడు చుక్కలు పెట్టింది. ఫోన్ గడి ఆజ్ఞని దాని చోటికి జరిపింది. తర్వాత, ఎవరూ చెయ్యమనకపోయినా, తొమ్మిదేళ్ల కిందటి తన లైను తీసేసింది. పరీక్షకి కొత్త పేషంటుని తెరిచి తన పేరు కొట్టింది, వయసు కొట్టింది. గడి తెరుచుకుంది. వేళ్లు అలవాటుగా ఆయన పేరు మొదటి అక్షరం మీదికి వెళ్లాయి. వెనక్కి తీసుకుని, ఏమీ రాయకుండా ట్యాబ్ నొక్కింది. కర్సర్ ఒక్క మాటైనా అనకుండా పక్క గడిలోకి వెళ్లి కూర్చుంది.

"అబ్బ, ఎంత బుద్ధిమంతురాలైంది!" అంది పిన్ని.

"మీ ఆయన పేరు అందరి దగ్గర్నుంచీ తీసేస్తాను పిన్నీ. కానీ ఒకటుంది. మీరూ ఇక్కడ కళ్లు చూపించుకున్నారు. మీ ఫారం కూడా ఈ నాలుగు వందల పన్నెండులో ఉంది. అది నిజమేగా. ఉంచనా, తీసెయ్యనా?"

పిన్ని ఆ ఐదక్షరాలకేసి చూసింది. చెంపకి చెయ్యి ఆన్చుకుంది.

"ఉంచు," అంది. "ఒక్కదానికి మొగుడిగా ఉండటం ఎలాగో ఇప్పుడైనా నేర్చుకుంటాడు."

నాలుగు వందల పదకొండు గడులు ఖాళీ అయ్యాయి.

హాలు మళ్ళీ నిండింది. నడివయసు మనిషి ఒకావిడ చేతిసంచి గుండెలకి హత్తుకుని కౌంటర్ ముందు నిలబడింది. పేరు చెప్పింది. వయసు చెప్పింది. తర్వాతి ప్రశ్న కోసం మెడ కాస్త బిగుసుకుంది. పిన్ని తల ఎత్తకుండానే, "ఫోన్ నంబర్ చెప్పమ్మా," అంది. ఆవిడ ఒకసారి తెరవైపు, ఒకసారి పిన్ని వైపు చూసి, నంబరు చెప్పి, వెళ్లి బల్ల మీద కూర్చుంది. సంచి ఒళ్లోకి దింపుకుంది.

ఆమె స్టూలు మీద, ఆ కాగితాల కట్ట పక్కన, రిపోర్టు తెరిచింది. 'కారణం' అన్న చోట ఎంచుకోవడానికి మూడున్నాయి: యూజర్ తప్పు, నెట్‌వర్క్, ఇతరం. పదిహేను రోజుల గడువు గుర్తొచ్చింది. "కుదరకపోతే మానెయ్, నేనేమీ అనను" అన్న మాట గుర్తొచ్చింది. తను 'కుదరలేదు' అనే రోజు కోసమే ఇంట్లో ఎదురుచూస్తున్నారని ఎప్పటినుంచో తెలుసు. ఈ సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే అత్తగారు మళ్ళీ థాంక్స్ లెక్క అడుగుతారు. అడగనీ. ఇవాళ్టి థాంక్స్ ఒకరికి బాకీ ఉన్నది కాదు, ఇవ్వాలనిపించినది. అది ఎవరికి, ఎలా చెప్పాలో మాత్రం ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది.

'ఇతరం' ఎంచుకుంది. కింద రాసింది: పాత కాగితంలో 'ఉంటే' అని ఉంది, కోడ్‌లో అది వదిలేశారు. కౌంటర్‌లో ఉన్నావిడ తప్పు ఏమీ లేదు. తొమ్మిదేళ్లుగా ఆ తప్పు వల్ల ఎవరికీ ఇబ్బంది కలగకుండా చూసింది ఆవిడే. కోడ్ రాసినవారు —

"తరవాత ఎవరమ్మా, రండి!" అని పిన్ని కేక వేసింది.

ఆమె అక్కడ తన పేరు పూర్తిగా రాసి, పంపు మీట నొక్కింది.