పరుపు గుడ్డ ఉడుత

"మా ఆడది ఊరికే సూదికి దారం ఎక్కిచ్చి ఇచ్చుద్దండీ, అంతే."

కిందటేడు వేసవిలో, బ్రాడీపేటలో ప్లీడరుగారి పెరట్లో కూర్చుని నేను పరుపు అంచు కుడుతుంటే, మా ఆయన సిలారు అన్న మాట ఇది. ప్లీడరుగారి భార్య కోటిరత్నమ్మగారు మెట్టు మీద నిలబడి, ఇద్దరొచ్చారు, ఇద్దరూ పనిచేసేవాళ్ళేనా అని అడిగింది. ఆవిడ అడిగే సమయానికి నా చేతిలో జానెడు దబ్బనం ఉంది, ఆయన చేతిలో బీడీ ఉంది. ఆవిడకి కళ్ళు లేకపోలేదు. అయినా ఆయన చెప్పింది విని, సరేలే అని లోపలికి వెళ్ళిపోయింది.

నా పేరు షాజాదీ. పేరుకి రాజకుమారిని, చేసేది సూది పని. మేం దూదేకులవాళ్ళం. దూది ఏకడం మా ఆయన పనే, కాదనను. పొద్దస్తమానం ఆ విల్లు కొట్టి, ముక్కుల్లోకి పీచు పోయి దగ్గే మనిషిని చూస్తే నాకూ జాలే. కానీ దూది ఏకగానే పరుపైపోతుందా? గుడ్డ కొలిచి కత్తిరించేది నేను. సంచి కుట్టేది నేను. దూది నాలుగు మూలలకీ సమంగా కూరి, పడుకున్నవాళ్ళ వీపుకి గడ్డలు తగలకుండా పైనించి కిందికి కుట్లు దించేది నేను. అంచు తిప్పి కుట్టడంలో గుంటూరు మొత్తం మీద నాకు సాటి లేదు. ఈ మాట నా నోటితో నేను అనకూడదు, ఇంకెవరూ అనరు కనక అంటున్నాను. సాయంత్రానికి వేళ్ళు వాచిపోయి ముద్ద కలపడానికి వంగవు. ఆ వేళ్ళతోనే ఇంటికెళ్ళి నూకలు చెరిగి, కారం నూరి, పొయ్యి ముందు కూర్చోవాలి. "పొద్దున్నించీ నీడపట్టున కూచుని వచ్చావు, ఆ మొహం అట్టా పెట్టావేందే" అంటుంది మా అత్త. మేస్త్రీ అని జనం పిలిచేది మాత్రం ఆయన్ని.

మా మామగారు బతికున్నప్పుడు ఒక నియమం పెట్టాడు. పరుపు కుట్టాక గుడ్డ మిగిలితే, అది బెత్తెడైనా సరే, మడిచి ఆ పరుపు కడుపులోనే పెట్టి కుట్టెయ్యాలి. దూది తూచుకుని ఇచ్చి, తూచుకుని తీసుకునే కాలం అది. దూదేకులోడు దొంగ అనే మాట ఊళ్ళో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, మనం దానికి చోటివ్వకూడదు అనేవాడు. మంచి నియమమే. పన్నెండేళ్ళు నేనూ తప్పలేదు. ఎంత అందమైన ముక్కలు నా చేత్తో నేనే చీకట్లో పెట్టి కుట్టేశానో లెక్కలేదు.

ఆ రోజు తప్పాను. ప్లీడరుగారు మద్రాసు నించి తెప్పించిన గుడ్డ అది. బూడిదరంగు మీద మూడేసి నల్లచారలు, మధ్యలో ఎడం, మళ్ళీ మూడు చారలు. బాలీసు మూల గుండ్రంగా కత్తిరిస్తే అరచేయంత ముక్క వచ్చింది. దాన్ని మడిచి పరుపులో పెట్టబోతూ చూస్తే అది గుడ్డముక్కలా లేదు, వీపు మీద చారలతో ఉడుత పడుకున్నట్టే ఉంది. పక్కనే చెత్తకుప్ప మీద వాళ్ళ అమ్మాయి పారేసిన చేతిసంచి ఉంది, తోలు చిరిగింది కానీ జిప్పు బాగానే ఉంది. తీసుకోనా అమ్మగారూ అని అడిగితే పట్టుకుపో అంది. జిప్పు అడిగి తీసుకున్నాను. గుడ్డ అడగలేదు. రవికలో దోపుకున్నాను. దొంగతనమే, పేరు మార్చి చెప్పను.

మా అత్త మధ్యాహ్నం కునుకు తీసే వేళల్లో కుట్టాను, పది పన్నెండు రోజులు పట్టింది. తిన్నటి గుడ్డకి జిప్పు ఎవరైనా కుడతారు. ఉడుత పొట్ట వంపు తిరుగుతుంది, జిప్పేమో ఇనప పళ్ళది, వంగనని మొండికేస్తుంది. మూడుసార్లు విప్పాను. చివరికి నాకు నేనే కనిపెట్టాను. ఉడుతని కుట్టి జిప్పు పెట్టడం కాదు, ముందు విడి గుడ్డకి జిప్పు కుట్టి, పళ్ళ పక్కన గోరంత వదిలి, ఆ వదిలినదానికి చిన్న చిన్న గాట్లు పెట్టి వంపు తిప్పుకోవాలి, వీపు ఆ తరవాతే చేర్చాలి. తోక సన్నగా గొట్టంలా కుట్టి, తిరగేసి, చీపురుపుల్లతో దూది కూరాను. ముక్కుకి నల్లదారం ముడి, కళ్ళకి రెండు నల్లపూసలు. మా అత్త లేచి చూడనే చూసింది. బొమ్మ చేసినోళ్ళని రేపు అల్లా దానికి ప్రాణం పొయ్యమంటాడు, అప్పుడేం చేస్తావే, కళ్ళెందుకు పెట్టావు అంది. ఉన్న ప్రాణం ఈ ఇంటికే చాలడం లేదు, ఉడుతకెక్కడ పొయ్యను అనుకున్నాను.

చిల్లర డబ్బులు వేసుకునే సంచీ అయితే కుట్టాను, వేసుకోవడానికి నా దగ్గర చిల్లర లేదు. నవ్వొస్తుంది తలుచుకుంటే. నయాపైసలు వచ్చి ఆరేళ్ళయినా, ఆ చిన్న బిళ్ళ నా చేతిలో పట్టుమని పూటసేపు ఉన్నది లేదు. బజారుకి మా అత్త వెళ్తుంది, కూలి ఆయన తీసుకుంటాడు. అందుకని వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు ఒకటి అందులో వేసి జిప్పు మూశాను. మళ్ళీ తెరిచాను, మళ్ళీ మూశాను. నేను తెరిస్తే తెరుచుకుని నేను మూస్తే మూసుకునే వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. ట్రంకుపెట్టె తాళంచెవి మా అత్త బొడ్లో ఉంటుంది.

నాలుగు రోజులు ఉంది నా దగ్గర. అయిదో రోజు ఆయన కంట పడింది. చారలు చూడగానే ఎక్కడిదో పోల్చుకున్నాడు. మా నాన్న పేరు చెడగొట్టావు, ముష్టి గుడ్డముక్క కోసం కక్కుర్తిపడ్డావు అని వీధి వినేలా అరిచాడు. నేను తల వంచుకున్నాను, తప్పు నాదే కదా అని. వెనక్కి ఇచ్చేసి వస్తాడనుకున్నాను. తెల్లారి చూస్తే నా ఇత్తడి తొడుగు గూట్లో ఉంది, ఉడుత ఆయన చొక్కా జేబులో ఉంది.

ఈ ఏడు మే నెల్లో ఆడపిల్లల బడివాళ్ళు హాస్టలుకి ఇరవై పరుపులు కుట్టమన్నారు. వెనక వసారాలో నేను పదకొండో పరుపు అంచు తిప్పుతున్నాను. ముందు వరండాలో ఆయన సోడా తాగి డబ్బులివ్వడానికి ఉడుతని తీశాడట. హెడ్‌మిస్ట్రెస్ రాజ్యమ్మగారు చూసింది. ఇదంతా ఆ పూట అన్నం తింటూ ఆయనే చెప్పాడు, మా అత్తకి చెప్పాడు, నేను వడ్డిస్తున్నాను. ఆవిడ జిప్పు తీసి, వేసి, తిరగేసి చూసి, ఎవరు కుట్టారయ్యా ఇది అందట. నేనే కుట్టానండీ అన్నాడట. "అయ్యో, మగవాడివైపోయావు. బడి తెరిచేలోగా పిల్లలకి కుట్టు నేర్పే మనిషి కావాలి, ఆడదైతే నేను రేపే పెట్టుకునేదాన్ని" అందట. పిల్లలకి చూపిస్తానంటే ఉడుతని ఆవిడకే ఇచ్చేసి వచ్చానన్నాడు. మా అత్త నవ్వింది, ఆయనా నవ్వాడు.

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. నేను కుట్టానని చెప్పకపోయావా అన్నాను. గొణిగినట్టే అన్నాను. ఆయన తలెత్తకుండానే, "చెప్తే? నువ్వు బళ్ళోకి పోతే పరుపులెవరు కుడతారు?" అన్నాడు.

చూశారా. ఈ ఇంట్లో పరుపులు ఎవరు కుడతారో ఆయనకి తెలుసు. తెలియక ఇన్నేళ్ళు మేస్త్రీ అనిపించుకున్నాడేమో అనుకునేదాన్ని, పాపం మగవాడికి ఇవన్నీ కనపడవేమో అనుకునేదాన్ని. నాకు నేను చెప్పుకున్న ఆ ఒక్క సాకూ ఆ పూట పోయింది. బడి తెరవడానికి ఇంకా మూడు వారాలుంది. పిల్లలు వరసగా కూర్చోవడం, వాళ్ళ ముందు నేను గుడ్డ పట్టుకుని నిలబడి, ఇదిగో ఇక్కడ గాటు పెట్టాలి అనడం, వాళ్ళు టీచరమ్మా అనడం, అన్నీ కళ్ళముందు కనపడేవి. చారు కాగి పొంగిపోయేది. వెళ్ళి చెప్పాలని రెండుసార్లు వీధి మొగదాకా పోయి వచ్చాను. ఆయన నేనే కుట్టానన్నాక, కాదు నేను అని వెళ్తే, మొగుణ్ణి అబద్ధాలకోరు అన్నదాన్ని బళ్ళో పెట్టుకుంటారా? ఆ భయంతో వెనక్కొచ్చాను.

తరవాతి వారం ప్లీడరుగారింట్లో మళ్ళీ పని పడింది. అల్లుడు వస్తున్నాడని కొత్త పరుపు. దూది కూరడం అయింది, రెండు వైపుల అంచు తిప్పాను, రెండు వైపులు మిగిలాయి. మధ్యాహ్నం మూడింటికి గేటు ముందు రిక్షా ఆగింది. రాజ్యమ్మగారు. కోటిరత్నమ్మగారికి స్నేహితురాలట, నాకు ఆ రోజే తెలిసింది. మా ఆయన్ని చూడగానే ఆవిడ మొహం విప్పారింది. చేతిసంచిలోంచి ఉడుతని తీసి, చూడు కోటిరత్నం, మీ మేస్త్రీ చేతిపని, అంది. ఆయన లేచి నిలబడి చేతులు కట్టుకుని నవ్వాడు.

కోటిరత్నమ్మగారు దాన్ని అందుకుంది. మొదట నవ్వింది. తరవాత దగ్గరగా పెట్టుకుని చూసింది. వరండాలో మంచం మీద కిందటేడు మేం కుట్టిన పరుపు ఉంది, దాని వైపు చూసింది. "ఇది మా గుడ్డే. మద్రాసు నించి తెప్పించాం, ఈ ఊళ్ళో ఇంకెక్కడా లేదు. మీ చేతికెట్టా వచ్చింది సిలారూ?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాకు తెలవదండీ. అది నేను కుట్టలేదు, మా ఆడది కుట్టింది. ఆడోళ్ళ బుద్ధి మీరెరగందేముంది అమ్మగారూ. ఇంటికి పోయి నేను గట్టిగా అడుగుతా."

పొగిడితే ఆయన కుట్టాడు, దొంగతనమంటే నేను కుట్టాను. ఒళ్ళు మండిపోయింది నాకు. ఏడాదిపాటు జేబులో వేసుకు తిరిగినవాడు తెలవదంటున్నాడు. ఆయన నా వైపు చూస్తున్నాడు, ఏడుస్తానేమో, ఆవిడ కాళ్ళ మీద పడతానేమో అని. నేను కూడా అబద్ధం ఆడొచ్చు. నేను కాదండీ, ఆయనే కుట్టాడు, పెద్ద టీచరమ్మగారితో చెప్పాడు కదా అంటే ఆయన అక్కడికక్కడే చిక్కుకుంటాడు. నాలిక చివరిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఆ మాట అంటే దొంగతనంతోపాటు ఉడుత కూడా పోతుంది. నా వేళ్ళు కనిపెట్టిన ఆ వంపు, ఆ జిప్పు, అన్నీ ఆయనకి రాసిచ్చినట్టే. పదమూడేళ్ళలో మొదటిసారి నలుగురి ఎదుట, అదీ ఆ టీచరమ్మగారి ఎదుట, ఇది కుట్టింది నేనని మా ఆయన నోటివెంట వచ్చింది. నన్ను తిట్టడానికే అన్నాడు, అననివ్వండి. నిజమే అన్నాడు కదా.

లేచి నిలబడ్డాను. "అవునండీ, నేనే కుట్టాను. గుడ్డ కూడా నేనే తీశాను, అడగకుండా తీశాను. జిప్పు మాత్రం మీరు పట్టుకుపొమ్మన్నదే."

నమ్మి పెరట్లోకి రానిస్తే ఇంతపని చేస్తావా అంది కోటిరత్నమ్మగారు. ఇంకా ఏవో అంది, అన్నీ పడ్డాను, నా వంతు కనక. రాజ్యమ్మగారు ఉడుతని తీసుకుని పొట్ట మీద వేలు పెట్టి, ఈ వంపులో జిప్పు ముడత పడకుండా ఎలా కూర్చుంది అని అడిగింది. మా ఆయన వైపు చూడలేదు, నన్నే అడిగింది. చెప్పాను. విడి గుడ్డకి ముందు కుట్టడం, గోరంత వదలడం, గాట్లు. ఆవిడ వింటూ తల ఊపింది.

"ఆ రోజు హాస్టల్లోనే ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది," అంది చివరికి. "ఇప్పుడు దొంగతనం అని పేరొచ్చింది. బడి కమిటీవాళ్ళకి నేనేం చెప్పను?"

ఆ రోజు నేను అదే హాస్టల్లో వెనక వసారాలో మీ పిల్లలకే పరుపులు కుడుతున్నాను, నన్నెవరూ పిలవలేదు. ఇది లోపలే అనుకున్నాను. ఆవిడ ఉడుతని అరుగు మీద పెట్టి, ఇంకోసారి వస్తాలే కోటిరత్నం అని గేటు వైపు నడిచింది. కోటిరత్నమ్మగారు విసురుగా లోపలికి పోయింది. పెరట్లో మేమిద్దరం మిగిలాం.

మా ఆయన బీడీ వెలిగించుకున్నాడు. రెండు దమ్ములు లాగాక, ఏమీ జరగనట్టే, "సరే, ఆ రెండు వైపులూ కానియ్యి. పొద్దుపోతంది" అన్నాడు.

దబ్బనం పరుపులోనే గుచ్చి ఉంది. "నువ్వు కుట్టు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, ఎక్కడికే అన్నాడు. నేను అరుగు మీది ఉడుతని తీసుకుని, చీరకి అంటిన దూది దులుపుకుని, గేటు దాకా పరిగెత్తినట్టే నడిచాను. రిక్షా కదలబోతోంది. ముందు చక్రం మీద చెయ్యి వేశాను. రాజ్యమ్మగారు ఏమిటన్నట్టు చూసింది.

ఉడుతని ఆవిడ ఒళ్ళో పెట్టాను. "కమిటీవాళ్ళకి చూపించండి అమ్మగారూ. వాళ్ళు పిలిస్తే నేనే వచ్చి చెప్తాను," అన్నాను. "దొంగతనం ఒక్కసారే చేశాను. కుట్టడం పదమూడేళ్ళ నించి చేస్తున్నాను."