తొమ్మిదో జవాబు

మూడోసారి కూడా నందిత తొమ్మిదో జవాబు దగ్గరే ఆగిపోయింది.

మొదటి ఎనిమిదీ తడుముకోకుండా వచ్చేశాయి. పేరు, చదువు, తిరువళ్లూరు నుంచి ఫ్యాక్టరీకి ఎలా వస్తావు, నైట్ షిఫ్టుకు ఇంట్లో ఒప్పుకుంటారా, ఎనిమిది గంటలు నిలబడి పని చేయగలవా. ప్రశ్నలూ జవాబులూ అన్నీ బావ దినకర్ తమిళంలోనే రెండు కాగితాల మీద రాసుకొచ్చాడు. నందిత తిరుత్తణి కాలేజీలో బీకాం చదివింది. తెలుగు ఆమెకు ఇంట్లో మాట్లాడే భాషే తప్ప చదివే భాష కాదు.

"ఇంకొక తూరి చెప్పు," అన్నాడు దినకర్.

మూడు కావస్తోంది. కంపెనీ నుంచి ఫోను నాలుగింటికి వస్తుంది.

"నోరు ఎండకపోతా ఉంది బావా. నీళ్లు తాగేసి వస్తా."

వసారాలో తల్లి మీనాంబ మల్లెమొగ్గలు ముందేసుకుని మూరలు కడుతోంది. కూతురు చెంబెత్తి తాగుతుంటే తలెత్తకుండానే అంది.

"ఆ ఒక్కటీ చెప్పేయి తల్లీ. సుమ్మా, ఊరికే ఒక మాటే కదా. చెప్పకుంటే మాత్రం, పోయింది తిరిగొస్తాదా?"

నందిత చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పోయింది షర్మిల. నందితకు అక్క. తిరునిన్రవూరు అవతల కార్లకు రబ్బరు సామాన్లు చేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లు పని చేసింది. నలభై రోజుల కిందట పట్టపగలు, తిరిగే రెండు రోలర్ల మధ్య ఆమె చొక్కా చెయ్యి ఇరుక్కుంది. మిషన్ ఆపే మీట రెండో పక్కన ఉంది. ఎవరో పరుగెత్తి వెళ్లి దాన్ని నొక్కేలోపే అంతా అయిపోయింది.

ఆరేళ్లూ ఆమె కాంట్రాక్టు మనిషిగానే ఉండిపోయింది. చివరికి నెలకు పదకొండు వేలు. పర్మనెంట్ చేయమని ప్రతి ఏడూ అర్జీ పెట్టేది. ఇప్పుడు ఆమె చెల్లెలికి ఆ కంపెనీయే పర్మనెంటు ఉద్యోగం ఇస్తానంటోంది. పదిహేడున్నర వేలు, పీఎఫ్, స్టేషన్ నుంచి వ్యాను. ముందు ఫోనులో ఒక ఇంటర్వ్యూ ఉంటుంది, అది పేరుకే అన్నాడు దినకర్. అతను మీనాంబకు అన్న కొడుకు, ఆ ఫ్యాక్టరీలోనే సూపర్‌వైజరు. పట్టాభిరామ్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా ఉన్న తండ్రి మునుస్వామి ఈ సంగతి విని, "మీ ఇష్టం," అని డ్యూటీకి వెళ్లిపోయాడు.

తొమ్మిదో ప్రశ్న, మీ అక్క ప్రమాదం ఎలా జరిగింది అని. కాగితం మీద జవాబు మూడు వాక్యాలు. మా అక్కది కవనక్కురైవు, తనే చెయ్యి లోపల పెట్టింది, కంపెనీ మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. కవనక్కురైవు అంటే అజాగ్రత్త.

"ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే ఇది ఎందుకు అడగతారు బావా?"

దినకర్ కాగితం అంచు మడిచి, మళ్లీ విప్పాడు.

"లేబర్ ఆఫీసునించి మనిషి వచ్చి చూసిపోయినాడు. ఇంట్లోవాళ్ల మాట ఒకటి రికార్డులో ఉంటే కంపెనీకి మంచిది. నీకూ మంచిదే."

"ఆ పొద్దు షిఫ్టులో నువ్వే కదా ఉన్నింది. మిషన్‌కు చెయ్యి పోకుండా అడ్డం పెట్టే జాలీ ఉన్నిందా?"

అతను కాగితాలు రెండూ ఒకదాని మీద ఒకటి సర్దాడు.

"నాకు ఇద్దరు పిల్లోళ్లు ఉండారు నందితా," అన్నాడు చివరికి.

ఆమె మళ్లీ అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు. చనిపోవడానికి రెండు వారాల ముందు షర్మిల లోకల్ రైల్లో వస్తూ ఫోను చేసింది. చక్రాల చప్పుడులో అరిచినట్టు మాట్లాడింది. "జాలీ ఎత్తేసినారే. అది అడ్డం లేకుంటే పని సీక్రంగా అవతాదంట. గంటకు నూటయాభై పీసులు అడగతా ఉండారు. అమ్మకు చెప్పొద్దు, పనికి పంపదు."

నందిత చెప్పలేదు. ఆ రోజే చెప్పి ఉంటే అనే ఆలోచన ఈ నలభై రోజులుగా ఆమె పక్కనే కూర్చుంటోంది, పక్కనే నడుస్తోంది. అన్నం తినేటప్పుడు కూడా చెవిలో రైలు చప్పుడు, దాని మీదుగా ఆ గొంతు.

"ఎదురుగా కూర్చుంటే నీకు నోరు రాదు, ఫోన్లో చేద్దాం," అంటూ దినకర్ వసారాలోకి వెళ్లి మీనాంబ పక్కన కూర్చున్నాడు. స్పీకరు పెట్టి నందితకు ఫోను చేసి, ఆఫీసు గొంతుతో ఒక్కొక్క ప్రశ్నే అడగసాగాడు.

మొదటి జవాబుకే మీనాంబ చేతిలో దారం ఆగిపోయింది.

అక్కాచెల్లెళ్ల గొంతులు ఫోనులో ఒకటే. "పెద్దదానివా, చిన్నదానివా?" అని అడిగి గానీ ఆమె మాట్లాడేది కాదు. ఈ నలభై రోజుల్లో చిన్నది ఇల్లు కదల్లేదు కాబట్టి, ఆ గొంతు ఫోనులో వినే అవసరం ఆమెకు రాలేదు. ఇప్పుడు అది దినకర్ అరచేతిలోంచి మాట్లాడుతోంది. రాత్రి షిఫ్టుకైనా వస్తానంటోంది. ఎంతసేపైనా నిలబడతానంటోంది. తొమ్మిదో ప్రశ్నకు కూడా ఈసారి ఆగకుండా జవాబు చెప్పింది. అజాగ్రత్త అంది. తనే చెయ్యి పెట్టింది అంది.

మాటలు చిన్నదానివే. మీనాంబకు మాత్రం, తప్పంతా తనదేనని షర్మిల ఎక్కడినుంచో ఒప్పుకుంటున్నట్టు వినిపించింది.

"సూపరు. అప్పిడియే, అట్లనే చెప్పాల," అన్నాడు దినకర్.

"అది అట్లాంటిది కాదు," అంది మీనాంబ.

"ఏంది అత్తా?"

"కవనం, జాగ్రత్త లేని పిల్ల కాదు అది. పదేండ్లప్పుడే చెల్లెలి చెయ్యి పట్టుకోని పట్టాలు దాటించి ఇస్కూలుకు తోడుకపోతా ఉన్నింది. గేటు ఎత్తినా సరే, రెండుపక్కలా చూడంది కాలు పెట్టనిచ్చేది కాదు."

"నాకు తెలీదా అత్తా. మాట కోసరం చెప్పేది అంతే."

మీనాంబ మళ్లీ దారం తీసుకోలేదు.

నాలుగూ మూడు నిమిషాలకు ఫోను మోగింది. నందిత స్పీకరు నొక్కి స్టూలు మీద పెట్టింది. అవతల ఒక స్త్రీ. తమిళంలో ఎంతో మర్యాదగా, ఈ సంభాషణ రికార్డు అవుతుందని చెప్పింది. ఎనిమిది ప్రశ్నలూ అదే వరసలో వచ్చాయి. ఎనిమిదింటికీ నందిత రాసినట్టే చెప్పింది. దినకర్ లోపలికొచ్చి ఎదురుగా నిలబడి తలాడిస్తున్నాడు.

"మీ అక్కగారి ప్రమాదం ఎలా జరిగిందో మీకు తెలిసింది చెప్పండి."

నందిత కాగితం వైపు చూసింది. ఇందాక అంత సులువుగా వచ్చిన మాట ఇప్పుడు రాలేదు.

"ఆ మిషన్‌కు జాలీ లేదు మేడమ్," అంది.

దినకర్ చేతులు ఊపాడు.

"ప్రశ్న మీకు సరిగా అర్థమైనట్టు లేదు. మళ్లీ అడుగుతాను," అంది అవతలి స్త్రీ.

"అర్థమైంది మేడమ్. గంటకు నూటయాభై పీసులు కావాలని జాలీ ముందే తీసేశారు. అక్కే నాకు చెప్పింది. నేనే ఎవరికీ చెప్పలేదు. అక్క అజాగ్రత్త మనిషి కాదు."

"లైన్లో ఉండండి," అంది ఆ గొంతు. ఏదో వీణ సంగీతం మొదలైంది.

"కట్ చెయ్," అన్నాడు దినకర్ గుసగుసగా. "సిగ్నల్ పోయిందని చెప్తాను. రేపు మళ్లా చేయిస్తా. నందితా, నా మాట విను. రిజిస్టరులో జాలీ ఉన్నిందని సంతకం పెట్టింది నేనే."

నందిత ఫోను ముట్టలేదు. అతనే వంగి చెయ్యి చాపాడు. వసారాలోంచి వచ్చిన మీనాంబ ఆ చేతికీ స్టూలుకూ మధ్య కూర్చుంది.

"ఉండనీ నాయనా," అంది.

సంగీతం ఆగింది. ఈసారి ఒక మగ గొంతు, తొందరగా, కాస్త కటువుగా అడిగింది. "ఎవరు మాట్లాడేది?"

నందిత నోరు తెరిచేలోపే మీనాంబ ఫోను మీదికి వంగింది.

"షర్మిల వాళ్లమ్మను," అంది తమిళంలో. "అడగండి."