పద్నాలుగో శాంపిల్

బియ్యం కడుగుతుంటే మణికట్టు మీది పసుపు దారం మళ్ళీ తడిసింది. పన్నెండు రోజులుగా అది ఆరిందే లేదు. తెల్లారి అంట్లు, తర్వాత బియ్యం, ఆ తర్వాత బట్టలు, ఎనిమిదింటికి కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సు. ఆసుపత్రిలో రోజుకు నలభైసార్లు చేతులు కడుగుతాను. ఎలా కడగాలో అందరికీ నేర్పేది కూడా నేనే, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుని కాబట్టి. మోచేతి కింద గాజు, ఉంగరం, వాచీ, దారం ఏదీ ఉండకూడదని పసిపిల్లల వార్డు తలుపుకి అంటించిన కాగితం నా చేత్తో రాసిందే.

మా ఊళ్ళో మారియమ్మ పండగకి మొక్కున్నవాళ్ళు ఈ దారం కట్టుకుంటారు. కాప్పు అంటారు. పదిహేను రోజులు విప్పకూడదు, ఊరు దాటకూడదు. మొక్కు నాది కాదు. పోయినేడు నా భర్త గోకులకృష్ణన్ బైకు మీంచి పడి కోలుకున్నప్పుడు, కొడుకు చేతికి కాప్పు కట్టిస్తానని మా అత్త బొమ్మక్క మొక్కుకుంది. తీరా కట్టే రోజు వచ్చేసరికి ఆయనకి పత్తి బేరానికి కోయంబత్తూరులో నాలుగు రోజులు ఉండాల్సి వచ్చింది. అత్త పూజారి ముందుకి నా చెయ్యి లాగింది.

"మొగుడి కాప్పు పెండ్లాం కట్టుకుంటే తప్పు లే సామీ. రెండూ ఒగటే వొళ్ళు గదా."

ఒకటే ఒళ్ళట! జ్వరమొస్తే మాత్రం ఎవరి ఒళ్ళు వాళ్ళదే. ఆసుపత్రిలో ఇది కూడదత్తా అన్నాను. నలుగురిలో ఆవిడ ముఖం మాడ్చుకుంది. ఆయన నన్ను పక్కకి పిలిచి, "గ్లౌజు తొడుక్కుంటే ఎవురికి తెలస్తాది? పదైదు నాళ్ళు. ఇంతదానికి రొంబ రగడ చేస్తావేంటికి?" అన్నాడు. లీవు పెడతానంటే అదీ వద్దన్నారు. సాయంత్రానికి వచ్చి పొయ్యి వెలిగిస్తాను కనుక నేను రోజూ విరుదునగర్ పోయి రావచ్చట. దారం విప్పడం దగ్గరే అమ్మవారికి కోపం వస్తుందట. సడలింపులన్నీ వాళ్ళకి అవసరమైన చోటే దొరుకుతాయి. నేను నోరు మూసుకుని పొడుగు గ్లౌజు కింద దాన్ని దాచాను. ఆ దాచడం మాత్రం నా తప్పే, ఇంకెవరి మీదా తోయలేను.

కాప్పు కట్టిన ఆరో రోజున వార్డులో ఒక బిడ్డ పాలు మానేసింది. ఎనిమిదో రోజుకి ముగ్గురయ్యారు. ముగ్గురి రక్తంలోనూ ఒకటే క్రిమి. ఇద్దరు తేరుకున్నారు. మూడో బిడ్డ, నరికుడి ఊరి నుంచి వచ్చినవాళ్ళ నెలలు నిండని ఆడపిల్ల, ఇంకా వెంటిలేటర్ మీదే ఉంది. మొదటి బిడ్డ పాలు మానేసిన రోజే ఆ దారం తెంపాల్సింది. పండగ అయిపోనీ అనుకున్నాను. క్రిమి ఎక్కడుందో వెతకడం నా పని. సింకులు, ట్రేలు, తుడుపు బకెట్టు, స్టెతస్కోపులు, అందరి చేతులు దూదిపుల్లతో తుడిచి పదమూడు శాంపిల్స్ తీశాను. చివరికి గది తలుపు గడియ పెట్టుకుని నా దారాన్నీ తుడిచాను. దానిమీద పద్నాలుగు అని రాశాను, పేరు రాయలేదు. ఆ రోజు నుంచి బిడ్డల్ని ముట్టుకోలేదు.

ఈ మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. పదమూడింటిలో ఏమీ లేదు. పద్నాలుగులో అదే క్రిమి ఉంది. బిడ్డల నుంచి నా దారానికి అంటిందో, నా దారం నుంచి బిడ్డలకి అంటిందో ఏ ల్యాబూ చెప్పలేదు. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి మోసింది మాత్రం నేనే అయి ఉంటాను.

పెద్ద డాక్టరు రాఘవేంద్రన్ రిపోర్టు చదివి తలుపు మూశారు. "పద్నాలుగు ఎవరిది సిస్టర్?" అని అడిగి, నేను నోరు తెరిచేలోగానే చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు, చెప్పకండి. మూడింటికి కమిటీ. ఫారంలో తుడుపు పని చేసే ఆవిడ చేతిదని రాయండి. కాంట్రాక్టు మనిషి, రేపట్నుంచి రావద్దంటే సరిపోతుంది. నర్సు పేరు బయటికొస్తే ఆసుపత్రి పరువేం కావాలి?"

ఆవిడ పేరు మారియమ్మాళ్ అని కూడా ఆయనకి గుర్తులేదు.

రెండుంబావుకి ఇంటికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. నా భర్త తేలిగ్గా నిట్టూర్చాడు. "పెద్దాయనే చెప్తా ఉంటే నీకేం? రాసేసెయ్యి. కాప్పు మాత్రం తియ్యొద్దు, ఇంకా మూడు నాళ్ళే గదా." బిడ్డ ఎలా ఉందని అడగలేదు.

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో మారియమ్మాళ్ నిలబడి ఉంది. ఆసుపత్రిలో గోడలకి కూడా చెవులుంటాయి. "నా పేరు రాస్తున్నారంట గదా సిస్టర్?" అని తమిళంలో అడిగింది. "మీరు తీయమన్న రోజే గాజులు తీసేశాను. మట్టిగాజులు రోజూ తీసి వేసుకోలేం, పగిలిపోతాయి. బోసి చేతులతో ఇంటికి పోతే, మొగుడు బతికుండగా ఇదేం పాడు అని మా అత్త నన్ను వాకిట్లోనే నిలబెట్టింది. పసిబిడ్డల కోసమని ఓర్చుకున్నాను. ఇంకేం తీయమంటారు?"

రెండు చేతులూ నా ముందు చాపింది.

నియమమంటే నియమమే అని ఆ రోజు ఆమెతో ఎంత గట్టిగా అన్నానో గుర్తొచ్చింది. ఆ మాట నా ఇంట్లో అనడానికి నోరు పెగల్లేదు. నాకంటే కింద ఉన్న ఆడదాని దగ్గర మాత్రం బాగానే పెగిలింది.

గ్లౌజు లాగేశాను. దారం చూసి మారియమ్మాళ్ "అయ్యో, కాప్పా!" అంది. డ్రెస్సింగ్ కత్తెరతో దాన్ని కత్తిరించి, కాల్చడానికి పోయే చెత్తసంచిలో వేశాను. భయం వెయ్యలేదంటే అబద్ధం. మళ్ళీ ఇంటికి ఫోన్ చేశాను.

"కాప్పు తెంచేసినాను."

"ఏం చేసినావు? నాకేమన్నా అయితే?" ఆయన గొంతు నిజంగానే బెదిరింది.

"ఆ బిడ్డలకేమన్నా అయితే అని నేను ముందే అడిగుండాల్సింది. మీకు అయితే డాక్టర్లుండారు," అని పెట్టేశాను.

మూడింటికి కమిటీ గదిలో ఫారం పెద్ద డాక్టరు ముందు పెట్టాను. పద్నాలుగు ఎవరిదన్న చోట నా పేరుంది, దేవిప్రియ అని. ఆయన కళ్ళజోడు తీసి నావంక చూశారు.

"ఉద్యోగం పోవచ్చు. తెలుసా?"

"తెలుసు సార్."

"చివరి గడి నింపలేదే?"

మళ్ళీ జరగకుండా తీసుకున్న చర్య, అని ఉంది అక్కడ. పెన్ను తీసుకుని, తలెత్తకుండా, వార్డు తలుపు మీది కాగితంలో రాసినంత పెద్ద అక్షరాలతో రాశాను: "దారం కత్తిరించాను. ఇకమీదట నా భర్త మొక్కులు నా భర్తే తన చేతికి కట్టుకుంటారు."