ఏ రంపం తక్కువ వణికింది

బేసిన్‌లో వేడినీళ్ళు పట్టి, అవి ఎంత వేడిగా ఉన్నాయో హనుమయ్య మోచేత్తో చూసుకున్నాడు, పసిపిల్లలకు స్నానం చేయించేవాళ్ళు చూసుకున్నట్టు. వేళ్ళతో చూడటం మానేసి చాలా కాలమైంది. మోచెయ్యి ఫరవాలేదన్నాక రెండు చేతులూ మణికట్ల దాకా ముంచి, వంటింటి కిటికీలోంచి పార్కింగ్ లాట్ కేసి చూస్తూ నిలబడ్డాడు. అమెరికాలోని ఆ పార్సిప్పనీ ఊళ్ళో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. కార్ల అద్దాల మీద మంచు పొరలా గడ్డకట్టి ఉంది. నీళ్ళలో వేళ్ళు రెండో కణుపు దాకా సున్నం పూసినట్టున్నాయి. కాసేపటికి ఎరుపెక్కుతాయి. ఎరుపెక్కేటప్పుడు సూదులు గుచ్చినట్టు పోటు పుడుతుంది. ఆ పోటు వస్తే ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఈ మధ్య చూపుడువేళ్ళకూ నడిమివేళ్ళకూ అదీ రావడం లేదు. అరచేతులు కూడా మొద్దుబారుతున్నాయి.

రాజేశ్వరమ్మ తువ్వాలుతో ఆయన చేతులు తుడిచి, చొక్కా గుండీలు పెట్టింది. రోజూ ఈ పని మాట్లాడకుండా చేసి పెడుతుంది. ఇవాళ మాత్రం ఊరుకోలేకపోయింది.

"మీ ఓనరు గ్లెన్‌తో చెప్పేయకూడదటండీ? డాక్టరుకి చూపిస్తాడేమో."

"చూపిస్తాడే. చూపించి, చేతిలో రంపం లాక్కుంటాడు. అప్పుడేం చెయ్యమంటావు నన్ను, నీ పక్కన కూచుని సీరియల్ చూడమంటావా?"

"చూస్తే ఏం, అరిగిపోతారేంటి?"

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఆయనకు తెలుసు. ఈ చేతుల సంగతి ఇంట్లో ఆవిడకు తప్ప పరాయి ప్రాణికి చెప్పలేదు.

హనుమయ్య రాజమండ్రిలో కలప అడితిలో పెరిగినవాడు. తండ్రి కోత మిషను దగ్గర పని చేసేవాడు. తండ్రి తరవాత ఈయన. మీసాలు రాకముందే టేకుదుంగ వాసన చూసి అది ఏ అడవిదో పందెం కాసేవాడు, సగం సార్లు ఓడిపోయేవాడు కూడా. బావమరిది అమెరికా పౌరుడై, అక్కకోసం పెట్టిన అర్జీ ఏళ్ళ తరబడి నానీ నానీ ఫలించేసరికి హనుమయ్యకు నడివయసు దాటింది. వచ్చిన కొత్తలో పెట్రోలు బంకులో కార్లకు పెట్రోలు కొట్టాడు. కారు నడపడం రాలేదు. ఇంగ్లీషు నాలుగు ముక్కల దగ్గర ఆగిపోయింది. పెళ్ళిళ్ళలో, గుడిలో, తోటివాళ్ళు వీసాల గురించీ ప్రాజెక్టుల గురించీ మాట్లాడుకుంటుంటే భోజనాల బల్లలు సర్దుతూ తిరిగేవాడు. ఒకరోజు చెట్లు కొట్టే వాళ్ళ ట్రక్కు బంకులో ఆగింది. వెనక చైన్‌సాలు, మోటారుతో కోసే రంపాలు, కనిపించాయి. ఆయన ట్రక్కు వెంట నాలుగడుగులు పరిగెత్తి, నాలుగు ముక్కల ఇంగ్లీషులోనే పని అడిగాడు. అప్పటినుంచి రంపం చేతిలో ఉన్నంతసేపూ ఆయన ఒక మనిషి. అది దింపాక ఎవరో ఒకరి వెనక సీట్లో కూచునే అంకుల్. ఇది ఆయన ఎవరితోనూ అనలేదు గాని, పోతుందనుకుంటే ఆయనకు భయంగా ఉండేది. చావుకంటే ఎక్కువ భయంగా ఉండేది.

ట్రక్కు వచ్చింది. స్టీరింగు దగ్గర యజమాని గ్లెన్, పక్కన గ్వాటెమాలా నుంచి వచ్చిన ఎల్మెర్. ముగ్గురే ఆ ముఠా. గ్లెన్ నాలిక్కి హనుమయ్య తిరగదు, "హానూ" అంటాడు. ఎల్మెర్ తమ దేశపు మర్యాద కూడా కలిపి "డోన్ హానూ" అంటాడు.

వెనక పెట్టెలో రెండు కొత్త రంపాలున్నాయి. పాతవన్నీ అరిగిపోయాయి. తుఫాన్ల కాలం వచ్చేలోపు కొత్తవి కొనాలి. దుకాణంవాడు ఒక పెద్దదీ ఒక చిన్నదీ వాడి చూడమని ఇచ్చాడు. సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి. ఏది కొనాలో హానూ చెప్పాలి. గ్లెన్‌కి పదిమంది మాటకంటే ఈయన మాట మీద గురి.

ఆ రోజు పని ఒక తెలుగువాళ్ళ ఇంట్లో. ఈశాన్యం మూల బరువైన చెట్టు ఉండకూడదని ఎవరో వాస్తు పండితుడు వాట్సాప్‌లో చెప్పాడట. ఇంటికంటే పెద్ద వయసున్న ఓక్ చెట్టు, ఆకుతెగులు కూడా లేనిది, నిన్ననే నేల కూలింది. దాని మాను ఇప్పుడు లాన్‌లో ఏనుగు పడుకున్నట్టు పడి ఉంది. ఇంట్లో కొడుకూ కోడలూ ఆఫీసులకు పోయారు. ఆర్నెల్లు ఉండిపోదామని తెనాలి నుంచి వచ్చిన తల్లి జ్ఞానప్రసూనమ్మ శాలువా కప్పుకుని కిటికీలోంచి చూస్తోంది.

హనుమయ్య ముందు పెద్దదాన్ని అందుకున్నాడు. బరువైన రంపం. బ్లేడు మొత్తం మానులో మునిగినా దాని గొంతు తగ్గలేదు. వెన్నలో దిగినట్టు దిగింది. చింతగింజలంత పొట్టు ఎగిరి బూట్ల మీద పడింది. ఆయన మొహం వికసించింది. కాని వేడెక్కాక ఆపి మళ్ళీ స్టార్టు చేసే తాడు లాగితే అది మొరాయించింది. లాగి లాగి భుజం నొప్పెట్టాక గాని దగ్గుతూ లేవలేదు. తరవాత చిన్నది. బ్లేడు నిండా మునిగితే దానికి ఆయాసం వచ్చింది, కాస్త పైకి లేపితేగాని కోలుకోలేదు. అయితే ఎన్నిసార్లు ఆపినా, చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా, ఒక్క లాగుడుకి పలికింది. ఆయన చెవి దగ్గర పెట్టి విన్నాడు, పొగ వాసన చూశాడు, పొట్టు అరచేతిలో వేసుకుని కళ్ళతో చూశాడు.

గ్లెన్ వచ్చి నిలబడ్డాడు. హనుమయ్య తన ఇంగ్లీషులో తీర్పు చెప్పాడు. మన పని సగం కొమ్మలూ నడితరం చెట్లూ. చెట్టు మీద ఉన్నప్పుడు లేవని రంపం ఎంత బలమైనదైతే ఏం లాభం. కాబట్టి చిన్నవి కొను. ఇలాంటి మాను తగిలినప్పటికి పెద్దది ఒక్కటి ఉంచు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అనే సామెతను కూడా చేతులు తిప్పుతూ చెప్పబోయాడు. గోరు చూపిస్తే గ్లెన్‌కి వేలు తెగిందేమోనని కంగారు పుట్టింది. ముగ్గురూ నవ్వారు.

"సరే. మరి వణుకు?" అన్నాడు గ్లెన్. "చేతికి ఏది తక్కువ వణుకుతోంది? నాకు అన్నిటికంటే అదే ముఖ్యం. మా నాన్న చేతులు రంపం వణుకుకే చచ్చుబడిపోయాయి. చివరికి ఆయనకి చెంచాతో మేమే తినిపించాం."

ఇంతసేపటి నుంచీ ఆయన చెవితో, ముక్కుతో, కంటితో రంపాలను పోల్చాడు. చేతితో పోల్చింది ఏమీ లేదు. రెండూ ఆయన చేతుల్లో ఒక్కలాగే ఉన్నాయి. గాలి పట్టుకున్నట్టు ఉన్నాయి.

"చిన్నది," అన్నాడు. పెద్ద మోటారు ఎక్కువ వణుకుతుంది, చిన్నది తక్కువ వణుకుతుంది. అది లెక్కే కదా అనుకున్నాడు. "స్మాల్ వన్. వెరీ స్మూత్."

ఎల్మెర్ చటుక్కున తలెత్తాడు. పొద్దున చిన్నదానితో రెండు కొమ్మలు కోసి, చేతులు విదిలించుకుంటూ దాన్ని పక్కన పెట్టేసింది అతనే. ఏదో అనబోయి, నేల చూపులు చూశాడు. గ్లెన్ చిన్నదాన్ని తీసుకుని స్టార్ట్ చేసి, మాను అంచున జానెడు కోశాడు. కోసి ఆపేశాడు. పిడిని తిప్పి చూశాడు. పిడికీ మోటారుకీ మధ్య వణుకు ఆపడానికి ఉండే రబ్బరు తెగి వేలాడుతోంది.

"రబ్బరు తెగింది, హానూ."

"నేను చూళ్ళేదు."

"దీన్ని చూడక్కర్లేదు," అన్నాడు గ్లెన్ నెమ్మదిగా. ఇంకేదో అడిగేవాడే, ఫోను మోగింది. మాట్లాడుతూ ట్రక్కు వైపు వెళ్ళాడు.

ఆ తరవాత హనుమయ్య ఆగలేదు. భోజనానికి కూడా కూచోలేదు. పెద్ద రంపం పట్టుకుని, ఎవరో తరుముతున్నట్టు మానును కోసుకుంటూ పోయాడు. ఎల్మెర్ దుంగలు దొర్లించలేక రొప్పుతున్నాడు. ఇంత పని చేసేవాడి చేతుల్ని ఎవడు అనుమానిస్తాడు అని ఆయన లోపల లోపల అనుకుంటున్నాడు. మూడింటికి మొదలు దగ్గరి ఆఖరి కోత మొదలుపెట్టాడు. మాను అక్కడ అన్నిటికంటే లావు. సగం దిగేసరికి దాని బరువుకి కోత మూసుకుపోసాగింది. బ్లేడు ఇరుక్కోకుండా గాటులోకి పసుప్పచ్చ ప్లాస్టిక్ చీల ఒకటి పెట్టి, సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. అంతలో వెనకనుంచి పిలుపు.

"నాయనా, అది కాసేపు ఆపు. కాఫీ చల్లారిపోతుంది."

జ్ఞానప్రసూనమ్మ ట్రేలో మూడు స్టీలు గ్లాసులు పట్టుకుని, కోడలి బూట్లు వేసుకుని, పొట్టులో పడుతూ లేస్తూ వస్తోంది. ఆయన రంపం ఆపి దింపాడు. పెద్దావిడ చేతినుంచి మురికి గ్లవ్స్‌తో కాఫీ అందుకోవడం మర్యాద కాదని గ్లవ్స్ తీసి జేబులో కుక్కాడు. ఎల్మెర్ తన గ్లాసును టోపీలో చుట్టి పట్టుకున్నాడు. గ్లెన్ కోసం తెచ్చిన గ్లాసును ఆవిడ దుంగ మీద పెట్టింది.

"నీ ఇంగ్లీషులో యాస విని తెలుగువాడివేనని కనిపెట్టాను. ఏవూరు నాయనా?"

"రాజమండ్రండి."

"అట్టాగా! మా ఆడబిడ్డనిచ్చింది అక్కడే. దానవాయిపేట."

"మా అడితికి దగ్గరేనండి. సైకిలు మీద పది నిమిషాలు."

పొద్దున్నుంచీ బిగుసుకుపోయిన మనిషి వదులయ్యాడు. గ్లాసును గుప్పిట నిండా పట్టుకుని, గోదావరి గట్టు గురించి, లారీల నుంచి టేకు దింపేటప్పుడు పాడే పాటల గురించి చెప్పుకొచ్చాడు. ఆవిడ వింటూ వింటూ ఆయన చేతికేసి చూసింది.

"అదేంటి నాయనా! పొగలు కక్కుతోంది. అట్టా పట్టుకున్నావు, చెయ్యి కాలట్లా?"

ఆయన గ్లాసుకేసి చూసుకున్నాడు. మనవాళ్ళు ఎవరైనా స్టీలు గ్లాసును అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంటారు, లేదా పైట చెంగుతోనో రుమాలుతోనో పట్టుకుంటారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన సంగతి.

"అలవాటేనండి," అన్నాడు.

ఆవిడ నమ్మలేదు. గ్లాసు లాగి కింద పెట్టి, పిల్లాడి చెయ్యి విప్పినట్టు ఆయన గుప్పిట విప్పింది. అరచెయ్యి ఎర్రగా కమిలి, బొబ్బ ఉబ్బుతోంది. దానిపైన వేళ్ళు మాత్రం పాలరాయిలా తెల్లగా ఉన్నాయి.

"అయ్యయ్యో! తోలు ఊడొచ్చేట్టుందే! ఇదేం చెయ్యి నాయనా!"

"ఏం లేదమ్మా, చలికండి. వదిలెయ్యండి, మీకు దణ్ణం పెడతాను."

వదల్లేదు ఆవిడ. కన్నతల్లి గుణం, దానికి దేశమేమిటి, భాషేమిటి. ఆయన మణికట్టు పట్టుకుని ట్రక్కు దాకా లాక్కుపోయి, గ్లెన్ ముందు ఆ అరచేతిని చాచి చూపించింది. "హ్యాండ్! బర్న్! డాక్టర్!" అంది. తనకొచ్చిన ఇంగ్లీషంతా ఆయన మేలు కోసం ఖర్చుపెట్టేసింది.

గ్లెన్ చేతిని చాలాసేపు చూశాడు. కళ్ళు మూసుకోమన్నాడు. "నేను వేలు తాకగానే చెప్పు, హానూ."

హనుమయ్య కళ్ళు మూసుకున్నాడు. ఎదురుచూశాడు. రోడ్డు మీద ఏదో కారు పోయింది. ఎల్మెర్ గొంతు సవరించుకున్నాడు. ఇంకా తాకడేమిటా అనుకుంటూ ఆయన ఒళ్ళంతా చెవి చేసుకుని వేళ్ళ కొసల దగ్గర కాపలా కాశాడు. చివరికి ఉండబట్టలేక కళ్ళు తెరిచాడు.

గ్లెన్ ఆయన చూపుడువేలిని తన పిడికిలిలో గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

గ్లెన్ ఆ వేలిని వదలడానికి కూడా ఇబ్బందిపడ్డాడు. తరవాత వెళ్ళి పెద్ద రంపానికి తొడుగు తొడిగి, పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"సారీ, హానూ. ఇంక వద్దు. ఆఫీసులో ఫోన్లు తీసే పని ఉంది. ఆలోచించుకో."

ఫోన్లు. హనుమయ్య ఆ మాటకు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఈ ఒక్క కోత," అన్నాడు. "హాఫ్ అయింది. పూర్తి చేసేస్తాను. ప్లీజ్. ఫైవ్ మినిట్స్." ఆయన జీవితంలో ఎవరినీ ఏదీ అంతగా బతిమాలలేదు.

గ్లెన్ తల అడ్డంగా ఊపాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి, కాని మాట మారలేదు. మిగిలింది సోమవారం ఇంకో ముఠా వచ్చి చూసుకుంటుందన్నాడు. హానూకి కారు లేదు కాబట్టి ముగ్గురూ ఒకే ట్రక్కులో వెళ్ళాలి.

జ్ఞానప్రసూనమ్మ లోపలికి పరిగెత్తి తేనె తెచ్చి అరచేతికి రాసింది. ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏదో జరగరానిది జరిగిందని ఆవిడకు అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు.

"నేనేమన్నా తప్పు పని చేశానా నాయనా?"

ఆయనకు ఆవిడ మీద కోపం వచ్చింది. అరవాలనిపించింది. నీ మంచితనం మండా, నా బతుకు తీసుకుపోయి వాడి చేతిలో పెట్టావు తల్లీ అనాలనిపించింది. ఆవిడ తేనె సీసాకి మూత పెట్టడం కూడా మరిచి ఆయన మొహంకేసే చూస్తోంది.

"అబ్బే, లేదమ్మా," అన్నాడు. "కాఫీ బాగుందండి."

ట్రక్కు ఎక్కి, ఎల్మెర్ పక్కన కూచున్నాడు. సీటుబెల్టు ఎల్మెర్ పెట్టాడు. అపార్ట్‌మెంటు దగ్గర దిగేటప్పుడు ఎల్మెర్ "డోన్ హానూ" అని ఊరుకున్నాడు. హనుమయ్య హెల్మెట్ సీటు మీద ఉంచి దిగి, వెనక్కి చూడకుండా మెట్లెక్కాడు. తలుపు గడియ తీయడానికి రాజేశ్వరమ్మను పిలిచాడు.

అక్కడ తెలుగువాళ్ళ లాన్‌లో పొట్టు మీద అప్పుడే మంచు పడటం మొదలైంది. ఓక్ మొదలు సగం తెగి ఉంది. ఆ గాటులో పసుప్పచ్చ చీల, సుత్తి దెబ్బలకు అంచు చిట్లి, అలాగే దిగి ఉంది.